తోటమాలికి కళాశాల

మన పట్టణములలో చెట్లు నాటువారికి కొదువ లేదు. మంత్రులు నాటుదురు, కలెక్టర్లు నాటుదురు, పాఠశాలల బాలబాలికలచే వరుస దీర్చి నాటింతురు. ఛాయాచిత్రములు మఱునాటి పత్రికలలో వచ్చును. నాటిన మఱునాటినుండి ఆ మొక్క యెవ్వరిది? దానికి ఏ మట్టి కావలెను, ఎంత నీరు కావలెను, తలపై పోవు విద్యుత్తీగకు అది యెన్నవయేట తాకును, వేరు ఏ కాలువగోడను పగులదీయును అని ముందుగా ఎఱిగి చెప్పగలవారు మన పురపాలకసంఘములలో ఎందఱు కలరు? లెక్కలు వ్రాయువానికి పట్టము కావలెను, గొట్టములు బిగించువానికి సర్టిఫికెటు కావలెను. లక్షలకొలది రూపాయల వ్యయముతో పెంచబడు వనములను అప్పగించుటకు మాత్రము గునపము పట్టగల చేతులున్న చాలునని మనవారు తలంచిరి. ఆ తలంపునకు మన నగరములు చెల్లించుచున్న మూల్యమును గూర్చియే నేడు వ్రాయుచున్నాను.

మొదట కోనోకార్పస్ సంగతి చూడుడు. పరదేశపు సముద్రతీరములలో పుట్టిన యీ చెట్టు త్వరగా పెరుగును, ఏడాది పొడవున పచ్చగానుండును, పశువులు ముట్టవు, ఉప్పునేలను ఓర్చును, అందుచేత రహదారుల నడిమి గట్లపై నాటుటకు దీనికి మించినది లేదని మన అధికారులు మురిసిపోయిరి. తెలంగాణమున 2015లో హరితహారము ప్రారంభమైన పిమ్మట ఊరూర దీనిని నాటిరి. ఆంధ్రప్రదేశపు పట్టణములలోను ఇదే కథ. పిదప దీని పుప్పొడివలన ఉబ్బసము హెచ్చుచున్నదనియు, వేళ్ళు నీటిగొట్టములలోనికిని మురుగుకాలువలలోనికిని చొరబడుచున్నవనియు మొర పుట్టెను. 2022లో తెలంగాణ ప్రభుత్వము ఇక దీనిని నాటవలదనెను. 2023లో గుజరాతు ప్రభుత్వమును నిషేధించెను. పుప్పొడి విషయమున శాస్త్రజ్ఞులలో వాదమింకను ముగియలేదు. నాకు ఆ వాదముతో పనిలేదు. నాటుట కొక వ్యయము, పెకలించుట కొక వ్యయము, ఆ స్థలమున మఱియొకటి నాటుట కింకొక వ్యయము. ఈ మూడు బిల్లులమీదను సంతకము చేసినవారిలో వృక్షవిద్య నభ్యసించినవా డెవ్వడైన నుండెనా యనునదే నా ప్రశ్న.

ఇది పరదేశపు చెట్టు గనుక కీడు చేసినది, స్వదేశపు చెట్టైన మేలు చేసియుండునని కొందఱు జాతీయవాదులు చప్పట్లు కొట్టుదురేమో. తొందరపడవలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఊడ్చివేసినప్పుడు ఆ నగరపు చెట్లు అసంఖ్యాకముగా కూలెను. మరల పచ్చదనము తెచ్చుటకై వీథులవెంబడి సప్తపర్ణిని విస్తారముగా నాటిరి. అది మన దేశపు వృక్షమే. ఏడాకుల పాల యని మన పల్లెలవా రెఱుగుదురు. అడవిలో నొకటి యిచ్చట నొకటి యచ్చట నున్నప్పుడు దాని పూలవాసన ఎవ్వరికిని బాధ కాలేదు. ఒకే వీథిలో కిటికీల ప్రక్కన వరుసగా నిలువబెట్టగా, శరత్కాలమున అవి యన్నియు ఒక్కసారి పూచి, ఆ ఘాటునకు ఊపిరి సలుపుట లేదని విశాఖ పౌరులు అర్జీలు పెట్టుకొనవలసివచ్చెను. స్వదేశీయో విదేశీయో కాదు ఇక్కడి చిక్కు. ఏ చెట్టు, ఎచ్చట, ఎన్ని, ఎంతెంత ఎడముతో అను నాలుగు ప్రశ్నలు వేయుటకు నేర్చినవాడు లేకపోవుట.

ఈ నాలుగు ప్రశ్నలను వేయుట నేర్పెడు పాఠశాల యెట్లుండునో తెలియగోరువారు అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలను చూడవలెను. ఆ దేశమునుగూర్చి మనవారికి తెలిసినదెల్ల కంప్యూటరు చదువులు, వీసాలు, జీతములు. తెలుగు యువకులు వేలకొలదిగా పోయి చదువు విశ్వవిద్యాలయముల ప్రక్కనే, అదే పట్టణమున, ఈ చిన్న కళాశాల లుండును. వానివైపు మనవారి కన్ను పోదు. ఇల్లినాయ్ రాష్ట్రమున జోలియెట్ అను పారిశ్రామిక పట్టణమున 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జూనియరు కాలేజి వీనిలో ప్రభుత్వపరముగా వెలసినవానిలో మొదటిదని ప్రసిద్ధి. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘము, ఇట్టి కళాశాలలు దేశమంతట నెలకొనవలెనని సిఫారసు చేసిన పిదప అవి ఊరూర వ్యాపించెను. నేడు సుమారు వేయి కలవు. ప్రవేశపరీక్షల కత్తిపోటు లేదు. ఉన్నత పాఠశాల ముగించినవా డెవ్వడైనను చేరవచ్చును. పగలు పనిచేసికొనువారికి సాయంకాలపు తరగతులుండును. పదునెనిమిదేండ్ల బాలుని ప్రక్కన నలువదేండ్ల గృహిణియు, సైన్యమునుండి మరలివచ్చిన సిపాయియు, ఇరువదేండ్లు గడ్డి కోసి కోసి ఇక తానే గుత్త పట్టదలచిన కూలివాడును ఒకే బల్లపై కూర్చుందురు. ఏటిలో ముగియు సర్టిఫికెటు కొందఱికి చాలును. రెండేండ్లు చదివి అసోసియేటు పట్టము పొందువారును కలరు. ఆ పైని కోరికయున్నవాడు ఆ చదువును విశ్వవిద్యాలయమున లెక్కకు చేర్పించుకొని మూడవయేడు అక్కడ ప్రవేశించును. మనదేశమున ఒక ద్వారము మూయబడెనా ఇక జన్మాంతమే. అక్కడ ప్రక్కద్వారములు తెఱచియుంచిరి.

ఈ కళాశాలలలో పెక్కింట తోటల నిర్మాణము, మైదానముల పోషణ ఒక శాఖగా నున్నది. ఏమి చెప్పుదురందురా? మొదటి పాఠము చెట్టును గుర్తించుట. అది వినుటకు సుళువు, చేయుటకు కాదు. ఒక్కొక్క పర్యాయమున పదులకొలది మొక్కలను ఆకునుబట్టి, బెరడునుబట్టి, శిశిరమున ఆకు రాలిన పిదప మొగ్గనుబట్టి గుర్తుపట్టి, లాటిను నామముతోను వాడుకపేరుతోను చెప్పవలెను. అది పెరిగి యెంత యెత్తగును, ఎంత వెడల్పగును, ఎండ కోరునా నీడ కోరునా, తడి నోర్చునా యని వ్రాయవలెను. పరీక్ష కాగితముమీద కాదు, కళాశాల ఆవరణలో నడచుచు జరుగును, ఆవరణయే పుస్తకము. తరువాతిది మట్టి. పిడికెడు మన్ను తడిపి, బొటనవ్రేలితో పట్టీవలె సాగదీసి, ఎంత పొడవు సాగి తెగునో చూచి బంకపాలు నిర్ణయింతురు. మన రేగడి రైతునకు ఇది క్రొత్త కాదు. ఐనను తన తాతనుండి వచ్చిన ఆ చేతివాటమునకు కారణమును, కొలతను జోడించి మఱియొకనికి నేర్పగల రూపమున పెట్టుట క్రొత్త.

నాటుటలో వారి నియమము విన్నచో మనవారు ఆశ్చర్యపడుదురు. గొయ్యి లోతుగా నుండనక్కఱలేదు. వేళ్ళముద్ద యెంత యెత్తో అంతయే లోతు, దానికి రెండు మూడింతల వెడల్పు. కాండము నేలను చేరుచోట వేళ్ళు విప్పారు మొదలు కంటికి కనబడుచుండవలెను. దానిని మట్టితో పూడ్చినచో బెరడు క్రుళ్ళును. సంచిలో చుట్టలు చుట్టుకొనిన వేళ్ళను విడదీసియో కోసియో నాటవలెను, లేకున్న పదేండ్ల పిదప ఆ వేరే మెడకు ఉరియై చెట్టును చంపును. మన నాటకములలో, క్షమింపుడు, మన వనమహోత్సవములలో ఏమగుచున్నది? నల్లని పాలిథిన్ సంచినైన తీయకుండ గుంటలో దించి పోయినవి ఎన్ని లేవు! వేసవి రాగానే ఎండిపోయినప్పుడు వానలు లేవందుము.

అన్నిటికంటె విస్తారముగా వారు నేర్పునది కొమ్మ కోయుట. ఇందు గొప్ప చరిత్ర కలదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువున చీల్చి, గాయమైన చోట లోపల నేమగునో పరిశీలించెను. మనుష్యుని పుండు మానినట్లు చెట్టు పుండు మానదనియు, క్రుళ్ళిన భాగముచుట్టును చెట్టు లోలోపల గోడలు కట్టుకొని దానిని బంధించుననియు, ఆ గోడ కట్టుశక్తి కొమ్మ మొదట ఉంగరమువలె ఉబ్బియుండు భాగమున ఉండుననియు అతడు చూపెను. అంతవఱకు కాండమునకు నున్నగా అంటగోయుటయే నేర్పని ప్రపంచమంతట అనుకొనుచుండిరి. ఆ కోతయే క్రుళ్ళునకు ద్వారమని తేలెను. కోసినచోట తారో రంగో పూయుటవలన క్రుళ్ళు ఆగదనియు తేలెను. నేటి విద్యార్థి బరువైన కొమ్మను మూడు కోతలలో తీయుట నేర్చును: మొదట మూరెడు దూరమున క్రిందినుండి సగము, పిదప దానికావల పైనుండి పూర్తిగా, కొమ్మ బరువు నేలబడిన తరువాత ఆ ఉబ్బును గాయపఱుపకుండ దాని వెలుపల కడపటి కోత. బెరడు చీలి కాండము పొడవున దిగజారుట అనునది ఉండదు.

ఇక మన వీథులకు రండు. వానకాలమునకు ముందు విద్యుచ్ఛాఖవారు తీగలకు అడ్డమని కొమ్మలను తొలగింతురు. తొలగించుట అవసరమే, కాదనను. కాని గొడ్డలివేట్లతో చెట్టు తలను నఱికి మొండెమును నిలిపిపోయిన, ఆ మొండెమునుండి పుట్టు క్రొత్త రెమ్మలు పైపై అతుకులవలె బలహీనముగా నుండి మూడేండ్లకు మరల తీగనే తాకును, గాలికి విఱిగి బాటసారిమీద పడును. ఏటేట ఖర్చు, ఏటేట ప్రమాదము. చెట్ల మొదళ్ళకు ఆనించి సిమెంటు పోసి పాదచారులబాట అందముగా చేసితిమనుకొనుట మఱియొక వింత. ఢిల్లీలో ఈ సిమెంటును చెట్టుచుట్టును ఒక మీటరు దూరమువఱకు తొలగింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2013లో ఉత్తరువు చేయవలసివచ్చెను. వేరునకు గాలి, నీరు కావలెనను సంగతి చెప్పుటకు న్యాయమూర్తులు కూర్చుండవలసివచ్చెననగా, ఇంజనీర్లకు చెప్పదగిన తోటపాలకుడు ఆ కార్యాలయమున లేడనియే గదా అర్థము! ఉన్నను అతని మాట వినువారు లేరు. ఏలయన అతడు చదువు లేని మాలి.

ఆ కళాశాలలలో నేర్పు తక్కిన విషయములను త్వరగా చెప్పి ముగింతును: నీటిగొట్టముల లెక్క, గడ్డిజాతులు, యంత్రముల మరమ్మతు, పటము గీయుట, గుత్త అంచనా వేయుట, ఒడంబడిక చదువుట. పురుగుమందుల విషయము మాత్రము ఆగి చూడదగినది. ఆ దేశమున ప్రమాదకరములని నియమింపబడిన మందులను చల్లుటకు ప్రభుత్వపు పరీక్షలో నెగ్గిన యోగ్యతాపత్రము కావలెను, లేదా అట్టివాని పర్యవేక్షణలో చల్లవలెను. కాలేజీ చదువు ఆ పరీక్షకు సిద్ధపఱచును. మనకు 1968నాటి క్రిమిసంహారకముల చట్టము కలదు. దాని నియమములక్రింద మందు నమ్ము దుకాణదారునకు లైసెన్సు కావలెను. ఆ మందునే వీపున మోసికొని, ముక్కునకు తువాలు చుట్టుకొని, పిల్లలాడుకొను పార్కులో చల్లు కూలివాని నే పరీక్షయు అడుగుట లేదు. అతడు చదువలేని భాషలో సీసాపై హెచ్చరిక యుండును.

అమెరికా సర్వమును స్వర్గమని నేననుట లేదు. అక్కడను ఎండలో గడ్డి కోయువాడు చాలవఱకు మెక్సికోనుండియు మధ్య అమెరికానుండియు వచ్చిన పేదవాడే. కాలానుగుణపు కూలీలకై ఆ ప్రభుత్వమిచ్చు హెచ్-2బి వీసాలు అన్ని వృత్తులకన్న ఈ తోటపనికే ఎక్కువగా పోవుచున్నవి. ఆ వీసా ఒక్క యజమానికి కట్టివేయును గనుక బేరమాడు శక్తి వానికి తక్కువ. పచ్చికబయళ్ళ పిచ్చిచే ఎడారి నగరములలో మంచినీటిని ధారపోయుటయు వారి పాపమే. కాని అదే దేశమున, ఆ కూలివాని కుమారునకో కూతురునకో, ఆ కూలివానికే ఐనను, సాయంకాలమున తలుపు తెఱచియుంచిన కళాశాల ఒకటి ఊరిలో నున్నది. మనకు లేనిది ఆ తలుపు. (మన తెలుగువారు అక్కడ ఇండ్లు కొన్న పిదప శనివారముల తామే గడ్డికోత యంత్రమును త్రోయుచున్నారు. ఆ పనిని ఇక్కడ తండ్రిగారి దొడ్డిలో చేసియుందురా?)

మన పూర్వులకు ఇదంతయు తెలియును, కళాశాల యేల యనువా రుందురు. తెలియుననుట నిజమే. వృక్షాయుర్వేదము మనది. వేయేండ్లనాటిదని పండితులు చెప్పెడి సురపాలుని గ్రంథమున నేలల భేదములు, విత్తనములు, నాటు విధానములు, చెట్ల రోగములకు వాతపిత్తకఫముల ననుసరించిన చికిత్సలు, కుణపజలమను ద్రవపు ఎరువు, అన్నియు కలవు. ఐనను ఆ గ్రంథపు వ్రాతప్రతి యెచ్చటనుండి దొరకెను? ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమునుండి. దానిని తెప్పించి, ఆంగ్లానువాదముతో 1996లో ప్రకటించినది సికిందరాబాదులోని ఆసియా వ్యవసాయచరిత్ర సంస్థ. ఇది మన తెలుగునేలకు గర్వకారణము. కాని ఆ పుస్తకము వెలువడిన పిదప ఆ విధానములను పొలమున పరీక్షించి, ఏది నిలుచును ఏది నిలువదు అని తేల్చి, తెలుగున పాఠముగా వ్రాసి తోటమాలి చేతిలో పెట్టవలసినది ఎవరు? పూర్వుల విద్యను పొగడుట సులభము. దానిని అభ్యసించుటకు బల్ల, మడి, గురువు కావలెను.

బ్రదికియున్న విద్యయు మనకు కలదు. గోదావరి కాలువగట్టున కడియము, కడియపులంక గ్రామములకు పోయి చూడుడు. మైళ్ళకొలది మొక్కల మడులు. గాలిఅంటు కట్టుటలో, కన్ను అంటించుటలో అక్కడి స్త్రీపురుషుల వ్రేళ్ళు ఆడు వేగమును చూచి ఏ ఆచార్యుడైనను నిలువబడిపోవును. దేశమున నాలుగు చెఱగులకు ఆ మొక్కలు లారీలలో పోవుచున్నవి. మొక్కను పుట్టించుటలో మనము ప్రపంచమునకు పాఠము చెప్పగలము. ఆ లారీ దిగినచోట దానిని పెంచుటలో మాత్రము పామరులము. 2018లో పాలమూరి పిల్లలమఱ్ఱికి చెదపట్టినప్పుడు, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడగట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించిరి; వాలు కొమ్మలకు స్తంభములు నిలిపిరి. శతాబ్దముల వయసుగల ఆ వృక్షమును కాపాడిన అధికారులకును శాస్త్రజ్ఞులకును వందనములు. ఐనను పెద్ద కొమ్మ విఱిగి పడిన పిదపగదా మనము మేల్కొంటిమి! చెదలు ఒక్క దినమున పట్టలేదు. ఏటికి రెండుమార్లు చుట్టును తిరిగి, బెరడు తట్టి, డొల్లమ్రోత విని, పుస్తకమున వ్రాసి పెట్టు ఉద్యోగి యొకడున్న ఆ సీసాల యవసరము రాకపోవచ్చును.

ఇక అసలైన అడ్డంకికి వచ్చుచున్నాను. తోటపని నేర్చుటకు కాలేజియా యని నవ్వు తండ్రులే ఆ అడ్డంకి. మట్టి ముట్టినవాడు తక్కువవాడు, కలము ముట్టినవాడు ఎక్కువవాడు అను మన కులసమాజపు పాతరోగము పట్టము పుచ్చుకొన్నంతనే పోలేదు, ముదిరినది. ఈ రోగమునకు మందు వెదకిన పెద్దలు మన ఆంధ్రదేశముననే యుండిరి. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారు న్యాయశాస్త్రము చదివినవారు. కోర్టునకు పోక కళాశాలకు తమ జీవితమును ధారపోసిరి. చేతిపనికి పుస్తకవిద్యతో సమానమైన పీటవేయుటయే ఆ సంస్థ యొక్క ప్రాణము. 1937లో వార్ధాలో మహాత్ముడు ప్రతిపాదించిన నయీ తాలీమ్ అదే మాటను దేశమంతటికి చెప్పినది. ఆ రెంటిని మనము జయంతులనాడు స్మరించి, తక్కిన దినముల మఱచితిమి.

అమెరికాలో బానిసత్వమునుండి వెలువడిన నల్లజాతివారికై 1881లో టస్కెగీలో పాఠశాల నెలకొల్పిన బుకర్ వాషింగ్టనునకును ఇదే కష్టము వచ్చెను. విద్యార్థులే ఇటుకలు కాల్చి, గోడలు కట్టి, పొలము దున్నవలెనన్నప్పుడు, మా బిడ్డలను చదువుటకు పంపితిమి గాని కూలికి కాదని తల్లిదండ్రులు మొఱ్ఱపెట్టిరి. దాస్యమున తరతరములు మట్టిపని చేసినవారికి ఆ పనియందు రోత కలుగుట సహజము, వారిని నిందింపరాదు. మన దళిత సోదరులు తమ బిడ్డలను మరల పార పట్టనీయమనుటలోను ఆ న్యాయమే కలదు. కాని ఆ టస్కెగీ ఆవరణమును తోటగా తీర్చినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రపు పట్టము పొందిన డేవిడ్ విల్లిస్టన్ అను నల్లజాతి విద్వాంసుడు. అతడక్కడ చెట్లను నాటుటయేగాక ఆ విద్యను బోధించెను. మట్టి అదే, ముట్టిన చేతికి చదువును, జీతమును, పేరును తోడైనవి. పని నీచము కాదని ఉపన్యసించుట వేఱు, ఆ పనికి పట్టమును జీతమును ఏర్పఱుచుట వేఱు. మొదటిది మనకు చాలినంత జరిగినది.

మనకేమియు లేదనుటయు అన్యాయమే యగును. పశ్చిమగోదావరి వెంకటరామన్నగూడెమున 2007లోను, సిద్దిపేట జిల్లా ములుగులో కేంద్రముగా 2014లోను ఉద్యాన విశ్వవిద్యాలయము లేర్పడినవి. నాలుగేండ్ల పట్టములును, పదవ తరగతి పిదప రెండేండ్ల డిప్లమాలును ఇచ్చుచున్నవి. వానిలో మామిడి, జీడిమామిడి, కూరగాయల సేద్యమునకే ప్రాధాన్యము. అది కూడదనను, రైతుల దేశమున అట్లే యుండవలెను. పట్టణపు తోట అందొక పాఠ్యాంశము మాత్రమే. ఐ.టి.ఐ.ల వృత్తులజాబితాలో ఫ్లోరికల్చరు, లాండ్‌స్కేపింగు అను ఒక్కయేటి వృత్తి ఒకటి యున్నది. మన జిల్లా ఐ.టి.ఐ.ల తలుపు తట్టి అడుగుడు, ఫిట్టరు ఎలక్ట్రీషియను తరగతులు నిండియుండును, ఇది పేరైన ఎఱుగరు. కమ్యూనిటీ కాలేజీ యను మాటయు మనకు క్రొత్త కాదు. 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయము అట్టిది స్థాపించెను. 2012-17 నాటి పంచవర్ష ప్రణాళికలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము ఇట్టి కళాశాలలకు ధనసహాయము చేసెను. వృత్తివిద్యను సాధారణవిద్యతో కలుపవలెనని 2020నాటి జాతీయ విద్యావిధానము పలుకుచున్నది. పత్రములకు లోటు లేదు. మఱి విద్యార్థి యేల రాడు? చదివినపిదప ఆ చదువును అడుగు ఉద్యోగమొకటి లేదు గనుక. పురపాలకసంఘము పార్కును గుత్తదారునకు అప్పగించును. గుత్తదారు తక్కువకూలికి వచ్చువారిని తెచ్చును. ఒడంబడికలో ఇన్ని నీటిట్యాంకులు, ఇందఱు మనుష్యులు అని యుండును గాని, వారిలో ఒక్కనికైన ఈ విద్య వచ్చియుండవలెనను షరతు ఉండదు. ఈ ఒక్క షరతు చేర్చుటకు శాసనసభ సమావేశము కానక్కఱలేదు. టెండరు కాగితమున ఒక పంక్తి చాలును.

న్యాయవాదిగా మఱియొక సంగతి చెప్పవలసియున్నది. నివేశనస్థలముల లేఔట్లలో పార్కునకై విడిచిన స్థలమును ఆక్రమణదారులనుండి కాపాడుటకు మన పౌరసంఘములు ఏండ్లకొలది వ్యాజ్యములు నడుపుచున్నవి. 1991లో బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసున, పార్కునకై ప్రత్యేకించిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రి కిచ్చుట చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బహిరంగస్థలము ప్రజల యారోగ్యమునకు సంబంధించినదని, దానికై కోర్టునకు వచ్చు హక్కు పొరుగున నివసించువారికి కలదని స్థిరపఱచినది. మేమందఱమును కోర్టులలో ఆ తీర్పును చేతబట్టుకొనియే వాదించుచున్నాము. గెలిచిన పిదప ఏమగుచున్నది? ఆ స్థలమునకు ఇనుపకంచె, సిమెంటు బల్లలు, రంగుటేనుగు బొమ్మ, నాలుగు వరుసల క్రోటను మొక్కలు వచ్చును. రెండు వేసవుల తరువాత కంచెయు ఏనుగును మిగులును. ఎండిన స్థలమును చూపి, ఇది పార్కుగా నుపయోగపడుట లేదు గనుక మఱియొకదానికి ఇండని ఆక్రమణదారు మరల అర్జీ పెట్టును. డిక్రీ కాపాడిన నేలను నీరు పోయువాడు లేక పోగొట్టుకొనుట మన పట్టణములలో జరుగుచున్న తంతు.

కావున పట్టణవాసుల యెదుట, పఠనమందిరములలో ఈ పత్రికను చదివి చర్చించు మిత్రుల యెదుట, నేనుంచు కోరికలు కొద్దివి. జిల్లా కేంద్రమందలి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రశాఖ యున్నది, ఆచార్యులున్నారు, విశాలమైన ఆవరణ యున్నది. అక్కడ సాయంకాలమున ఏడాది తోటపాలన తరగతి తెఱువవలెను. పాఠము తెలుగున నుండవలెను. లాటిను నామములు తెలుగు లిపిలో నేర్పవచ్చును, దానికి ఆంగ్లము కావలసిన పనిలేదు. బోధించువారిలో ఆచార్యులతోపాటు కడియమునుండి వచ్చిన అంటుగట్టు పనివా డొకడు జీతముపై ఉండవలెను. అతనికి పట్టము లేదని ఆడిట్ వారు అభ్యంతరపెట్టుదురు. వారితో పోరాడుటకు మావంటి న్యాయవాదులు ఉచితముగా రాగలరు. పురపాలకసంఘము పార్కుకు ఒక్కనినైన ఇట్టి సర్టిఫికెటు గలవానిని నియమింపవలెనని టెండరు షరతు చేర్చుటకు వార్డుసభ్యులను మీరడుగవలెను.

ఒక్క జాగ్రత్త మాత్రము తప్పక తీసికొనవలెను. నేడు మన పార్కులలో బొరిగె పట్టి కలుపు తీయుచున్నవారిలో పెక్కుమంది స్త్రీలు. పదియేండ్లు, పదునైదేండ్లు అదే మట్టిలో కూర్చున్నవారు. అక్షరములు రానివారు వారిలో నుందురు. సర్టిఫికెటు అనునది వారిని తొలగించి చదివిన కుఱ్ఱవానిని తెచ్చుటకు సాధనమైనచో ఈ వ్యాసము వ్రాయకుండుటయే మేలు. మొదటి తరగతిలో మొదటి బల్ల వారిది కావలెను. పరీక్ష నోటితో, చేతితో జరుగవలెను. తరగతికి వచ్చిన గంటలకు కూలి చెల్లింపవలెను. నెగ్గినవారికి నైపుణ్యము గల పనివారి కనీసవేతనము గుత్తదారు ఒడంబడికలోనే వ్రాయబడవలెను. కనీసవేతనముల నిర్ణయమున నైపుణ్యము లేనివారు, గలవారు అను భేదము పూర్వమునుండి యున్నదే. మొక్కను బ్రతికించు చేతిని నైపుణ్యము లేనిదని ఇన్నాళ్ళు ఏ ప్రమాణమున లెక్కించిరో ఆ గుత్తదారులనే అడుగవలెను.

తరగతి ప్రారంభించుటకు స్థలము, పనిముట్లు ఏవని ప్రిన్సిపాలుగారు శంకింపనక్కఱలేదు. కళాశాల ఆవరణలోని వేపచెట్లలో మొదళ్ళవఱకు సిమెంటు పోయని దెన్ని? ఒక గునపము, ఒక సుత్తె, పది జతల చేతులు చాలును. మొదటి సాయంకాలము ఆ సిమెంటును మీటరు మేర పగులగొట్టి, రెండవ సాయంకాలము అక్కడి మన్ను తడిపి పిడికిట పట్టి చూడవచ్చును.